ప్రకటనల డేటా దిగుమతి: కొన్ని అపోహలు, అసలు సంగతులు

అపోహ: గూగుల్ యాడ్స్‌ను, మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్) ప్రకటనలను కస్టమర్ డేటా ప్లాట్‌ఫామ్‌కు, అంటే కస్టమర్ల వివరాలన్నీ ఒకచోట చేర్చే సాఫ్ట్‌వేర్‌కు కలిపేస్తే, ఏ కస్టమరు ఏ ప్రకటన చూశారో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. అటు నుంచి వచ్చేవి మొత్తాలే: ఫలానా రోజు, ఫలానా క్యాంపెయిన్, ఇన్ని క్లిక్కులు, ఇంత ఖర్చు. అందులో మనిషి జాడ ఉండదు. మనిషికీ ప్రకటనకూ ముడి పడేది మన వెబ్‌సైట్‌లోనే. గూగుల్ యాడ్స్‌లో ఆటో ట్యాగింగ్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే, ప్రకటన నొక్కి వచ్చినవారి లింకు చివర మామూలుగా జీక్లిడ్ (gclid) అనే గుర్తు ఉంటుంది, అది ఒక్కో క్లిక్కుకు ఒక్కోటి. దాన్ని మొదటి పేజీలోనే పట్టుకుని దాచాలి. వారు లాగిన్ అయినప్పుడో, ఫారం నింపినప్పుడో ప్రొఫైల్‌కు జతచేయాలి. మధ్యలో ఏ రీడైరెక్టో (ఒక లింకు నుంచి మరో లింకుకు మళ్లించేది) దాన్ని రాల్చేసిందంటే, ప్రకటనల డేటాను తెచ్చే కనెక్టర్ ఎంత ఖరీదైనదైనా చేయగలిగింది లేదు.

పరీక్ష సులువే. మీ ల్యాండింగ్ పేజీ లింకు చివర ప్రశ్నార్థకం, ఆపైన ‘జీక్లిడ్=టెస్ట్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో తగిలించి తెరవండి. పేజీ పూర్తిగా వచ్చాక ఆ ముక్క అడ్రస్ బార్‌లో మిగలకపోతే ముందు దాని సంగతి చూడండి. ఏ జీక్లిడ్ ఏ క్యాంపెయిన్‌దో గూగుల్ చెబుతుంది కానీ ఒక్కో రోజుకు విడిగా అడగాలి, అదీ గత 90 రోజులకే. మెటా తన లింకులకు తగిలించే ఇలాంటి గుర్తు ఎఫ్‌బీక్లిడ్‌కు అలాంటి పట్టిక లేదు. అందుకే అక్కడ యూటీఎంలోనే (లింకు చివర మనమే తగిలించే గుర్తుల్లోనే) యాడ్ ఐడీ వచ్చేలా పెట్టుకోవాలి.

అపోహ: నిన్నటి డేటా ఈరోజు తెచ్చుకుంటే నిన్నటి పని అయిపోయినట్టే.

వాస్తవం: గూగుల్ యాడ్స్ కొనుగోలును క్లిక్ జరిగిన తేదీ కింద రాస్తుంది. సంక్రాంతికి ముందు జనవరి 10న క్లిక్ చేసినవారు జీతం వచ్చాక ఫిబ్రవరి 2న కొంటే, ఆ అమ్మకం జనవరి 10 వరుసలోకి వెళ్తుంది. క్లిక్ తర్వాత ఎన్ని రోజుల్లోపు కొంటే ఇలా లెక్కలోకి వస్తుందనే గడువు మామూలుగా 30 రోజులు, కావాలంటే 90 వరకు పెంచుకోవచ్చు. ఖర్చు కూడా మారుతుంది, చెల్లని క్లిక్కులను తర్వాత తీసేస్తారు కనుక. కాబట్టి గడువు ఎంత ఉంటే అన్ని రోజుల డేటానూ రోజూ మళ్లీ తెచ్చి పాత వరుసల స్థానంలో పెట్టాలి. కొత్తవాటిని కింద చేర్చుకుంటూ పోతే ఒకే ఖర్చు ఎన్నోసార్లు పడుతుంది.

అపోహ: ఖర్చు అంకెలో గందరగోళం ఏముంటుంది?

వాస్తవం: గూగుల్ ఏపీఐ (సాఫ్ట్‌వేర్లు డేటా తెచ్చుకునే దారి) ఖర్చును మైక్రోలలో, అంటే రూపాయిలో పది లక్షల వంతుల్లో ఇస్తుంది. 12,50,00,000 కనబడితే పన్నెండున్నర కోట్లు తగలేశామని గుండెలు బాదుకోనక్కర్లేదు. పది లక్షలతో భాగిస్తే 125 రూపాయలు. అందులో 18 శాతం జీఎస్టీ కలవదు, అది ఇన్వాయిస్‌లోనే కనబడుతుంది. అకౌంట్స్ వారితో తగువు ఇక్కడే మొదలవుతుంది. యాడ్ ఖాతా భారత కాలమానంలో, మీ ప్లాట్‌ఫామ్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ కాలమానంలో) ఉంటే, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 వరకు వచ్చిన ఆర్డర్లు ముందు రోజు ఖాతాలో పడతాయి.

అపోహ: గూగుల్, మెటా చూపే కొనుగోళ్లను కూడితే మొత్తం అమ్మకాలు.

వాస్తవం: ఒకే ఆర్డరును రెండూ తమదే అంటాయి. అమ్మకాల లెక్క మీ ఆర్డర్ల పట్టిక నుంచే తీసుకోండి. రోజువారీ రీచ్‌ను (ప్రకటన చూసినవారి సంఖ్యను) కూడటమూ ఇలాంటి తప్పే. సోమవారం చూసినవారే మంగళవారమూ చూస్తారు.

అపోహ: ప్రకటనల కోసం పంపే ఫోన్ నంబర్లను హ్యాష్ చేశాం (చదవలేని అక్షరాల వరుసగా మార్చేశాం), ఇక చట్టంతో పని లేదు.

వాస్తవం: ఒకే నంబరుకు ఎప్పుడూ ఒకే హ్యాష్ వస్తుంది. మీ జాబితా గూగుల్, మెటా దగ్గరున్న జాబితాలతో సరిపోలేది అందువల్లే. పది అంకెల మొబైల్ నంబర్లన్నింటికీ హ్యాష్ లెక్కగట్టి పోల్చడం నేటి కంప్యూటర్లకు పెద్ద పని కాదు. కనుక దాన్ని వ్యక్తిగత డేటాగానే చూడటం క్షేమం. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు కస్టమరుకు ఉంది. అలా వెనక్కి తీసుకుంటే మీ ప్లాట్‌ఫామ్‌లో తీసేస్తే చాలదు, ప్రకటనల కోసం బయటికి పంపిన జాబితాల్లోంచీ తొలగించాలి. కనెక్టర్ అమ్మేవారు డెమోలో చేర్చడమే చూపిస్తారు. తొలగించడం కూడా చూపించమని అడిగాకే సంతకం పెట్టండి.