ఏమీ కలపకుండా గట్టిపడే లోహం

మెత్తటి రాగి తీగను వంచి మళ్లీ నిటారుగా చేయబోతే వంగిన చోటు అంత తేలిగ్గా లొంగదు, పక్కన కొత్త వంపు వస్తుంది. లోహంలోకి బయటి నుంచి ఏమీ రాలేదు. లోపలి అమరికే మారింది.

లోహమంటే కిక్కిరిసిన స్ఫటిక రేణువులు. రేణువు లోపల పరమాణువుల వరసలు అక్కడక్కడా తప్పి ఉంటాయి. వీటినే డిస్‌లొకేషన్లు అంటారు. లోహం వంగడమంటే ఇవి చోటు మారడమే. వంచేకొద్దీ కొత్తవి పుట్టి ఒకదాని దారికి ఒకటి అడ్డుపడతాయి. రేణువుల సరిహద్దులూ వాటిని ఆపుతాయి. కాబట్టి రేణువు ఎంత చిన్నదైతే లోహం అంత గట్టిది. 1950ల మొదట్లో హాల్, పెచ్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా తేల్చిన సంగతి ఇది.

మరి రేణువులు చిన్నవి కావాలని నొక్కుతూనే పోతే? రేకు పల్చబడిపోతుంది, అదీ చిక్కు. 1970ల్లో సోవియట్ యూనియన్‌లో వ్లదిమిర్ సెగల్ దీనికి ఉపాయం కనిపెట్టారు. ఒకే కొలత ఉన్న రెండు కాలువలు మలుపు దగ్గర కలిసే అచ్చులోంచి కడ్డీని నెట్టడం. మలుపులో లోహపు పొరలు ఒకదానిపై ఒకటి తీవ్రంగా జారతాయి, కానీ కడ్డీ మందం మారదు. అందుకే మళ్లీ మళ్లీ నెట్టవచ్చు. డిస్‌లొకేషన్లు గోడలుగా పేరుకుని, ఆ గోడలే కొత్త సరిహద్దులవుతాయి. స్వచ్ఛమైన అల్యూమినియంలో రేణువులు ఒక మైక్రోమీటరుకు కాస్త పైన ఆగిపోతాయి. 3% మెగ్నీషియం ఉంటే దాదాపు 0.3కి దిగుతాయి.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది మెలితిప్పే పద్ధతి. 10 మిల్లీమీటర్ల బిళ్లను వేల వాతావరణాల పీడనంలో బిగించి తిప్పుతారు. లెక్క ప్రకారం నట్టనడుమ వికృతి (ఆకారం మారే మేర) సున్నా, అంచున అత్యధికం. తర్వాత వజ్రపు మొనతో కేంద్రం నుంచి అంచు దాకా గుంటలు పెట్టి చూస్తే, చాలా లోహాల్లో అంచు వైపు గుంటలు చిన్నవవుతాయి, అంటే అక్కడ కాఠిన్యం ఎక్కువ. ఇంకా తిప్పితే నడుమ కూడా అంచును అందుకుంటుంది. ఆపైన ఎంత తిప్పినా పెద్దగా లాభం లేదు. పుట్టే డిస్‌లొకేషన్లు, మాయమయ్యేవి సమానమైపోతాయి.

అన్ని లోహాలూ ఈ మాట వినవు. చాలా స్వచ్ఛమైన అల్యూమినియంలో మొదటి తిప్పుల్లో అంచుకన్నా నడుమే గట్టిగా ఉంటుంది. అంచున డిస్‌లొకేషన్లు చకచకా సర్దుకుపోవడమే కారణం. 22% అల్యూమినియం ఉన్న జింక్ మిశ్రమమైతే ఏకంగా మెత్తబడుతుంది!

గట్టిదనానికి మూల్యమూ ఉంది. లాగితే సాగే గుణం సాధారణంగా తగ్గుతుంది. వేడి తగిలితే రేణువులు మళ్లీ పెరుగుతాయి, కాబట్టి వెల్డింగ్‌తో సంపాదించిందంతా పోవచ్చు. పళ్ల ఇంప్లాంట్లకు ఆ బెంగ తక్కువ. వాటికి వాడే స్వచ్ఛమైన టైటానియంను ఇలా గట్టిపరిస్తే, బలం కోసం వెనేడియం, అల్యూమినియం కలపనక్కర్లేదు.