పొద్దు పొడిచిన చోటల్లా తూర్పు కాదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లలో పునాదికి ముగ్గు పోసే రోజున తూర్పు ఎటో చూసుకోవడం తప్పనిసరి. ఆ పూట సూర్యుడు కనబడ్డ వైపుకే తాడు లాగేస్తే మాత్రం తేడా వస్తుంది, అదీ చిన్న తేడా కాదు. బరంపురం అక్షాంశం సుమారు 19.3 డిగ్రీలు. అక్కడ జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు అసలు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు, డిసెంబరు 21 ప్రాంతంలో అంతే దక్షిణంగా. సరిగ్గా తూర్పున పొడిచేది మార్చిలో, సెప్టెంబరులో రేయింబవళ్లు సమానమయ్యే రోజుల్లోనే.

ఇంగ్లీషు ‘ఈస్ట్’ పుట్టింది కూడా వేకువలోంచే. దాని మూలధాతువే సంస్కృతంలో ఉషస్సు, లాటిన్‌లో అరోరా, గ్రీకులో ఇయోస్ అయింది. ‘వెస్ట్’ సాయంత్రాన్ని చెప్పే లాటిన్ ‘వెస్పర్’కు చుట్టం. ‘నార్త్’ మూలం ‘ఎడమ’ అని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఎడమ చెయ్యి ఉత్తరానికే ఉంటుంది మరి. సంస్కృతంలో దక్షిణమంటే కుడి. దక్కను అన్న పేరు అందులోంచే వచ్చింది.

మాట వేకువదే అయినా, గీత గియ్యాలంటే నీడ కావాలి. సూర్యసిద్ధాంతమనే పాత ఖగోళ గ్రంథం 12 అంగుళాల (ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు) శంకువుతో, అంటే నీడ చూసే పుల్లతో, చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. నేలను నీళ్ల ట్యూబుతో మట్టం చేసి, 30 సెంటీమీటర్ల పుల్ల పాతండి. పుల్ల కొన నుంచి గుండు దారం వేలాడదీసి, గుండు తాకిన చోటు కేంద్రంగా 30, 40, 50 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తాలు గియ్యండి. పుల్ల మొదలును కేంద్రంగా తీసుకోవడం దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. కేంద్రం కొనకు సరిగ్గా కింద ఉంటే పుల్ల కాస్త వాలినా నష్టం లేదు. పొద్దున నీడ కొన వృత్తం లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తిరిగి బయటికి పోయే చోట ఇంకొకటి పెట్టండి. ఒకే వృత్తం మీది ఆ రెండు గుర్తులనూ కలిపిన గీతే తూర్పు పడమరలు. మూడు వృత్తాలు ఎందుకంటే, ఒక గుర్తు వేళకు మబ్బు కమ్మినా మరో వృత్తం ఆదుకుంటుంది. రెండు గుర్తుల నుంచీ, వాటి మధ్య దూరంలో సగానికి మించిన వ్యాసార్ధంతో చాపాలు గీస్తే చేప ఆకారం వస్తుంది. దాని తల నుంచి తోకకు గీసిన గీత ఉత్తర దక్షిణాలు.

సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి నీడ కొన వృత్తాన్ని బట్టి అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా మసకబారుతుంది. రెండు పూటలా ఆ మసకలో ఒకే చోటు, అంటే నడిమినే, పట్టుకోవాలి. పొద్దుటికీ మధ్యాహ్నానికీ సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో జరగడం వల్ల వచ్చే తేడా డిగ్రీలో పదో వంతు కూడా ఉండదు. ఇనుప చువ్వల కుప్ప పక్కన ఫోను దిక్సూచి చూస్తే అంతకన్నా చాలా ఎక్కువే తప్పుతుంది.

ఇక్కడి వాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. మే మధ్య దాటాక జులై చివరి దాకా బరంపురంలో మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మిట్టమధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే అనుకుంటే ఇంటి దిక్కులు తలకిందులవుతాయి. అందుకని ముందు పొద్దుటి గుర్తు చూసుకోండి. ఏ నెలలోనైనా పడమర వైపుండేది అదే.