సంతకు గొర్రెలను పట్టడం: అపోహలు - వాస్తవాలు

ఇరవై ముప్పై జీవాలు సాకే చిన్న రైతుకు సంత రోజున కలిగే నష్టంలో చాలా భాగం బేరం దగ్గర కాక, తెల్లవారుజామున సొంత దొడ్డిలో జరిగే హడావిడి వల్లనే కలుగుతుంది. మందను సాకే మా వాళ్లలో కూడా బలంగా పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే ఇందుకు కారణం.

అపోహ: నలుగురు మనుషులు, ఒక కుక్క, గట్టి అరుపులు లేనిదే గొర్రెలు దొడ్డికి చేరవు.

వాస్తవం: గొర్రె కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల అది తల తిప్పకుండానే చుట్టూ చాలా మేర చూడగలదు, సరిగ్గా వెనక ఉన్న కొద్ది భాగం మాత్రం దానికి కనిపించదు. అందుచేత నేరుగా వెనక నుంచి వచ్చే మనిషి కనిపించక, దగ్గరకు రాగానే బెదురుతుంది. మనం కొంత దూరం వరకు దగ్గరైనా పట్టించుకోని గొర్రె, ఆ హద్దు దాటగానే కదులుతుంది. ఆ హద్దు అంచున, దాని భుజానికి కాస్త వెనకగా పక్కన నిలబడితే ముందుకు నడుస్తుంది. భుజం దాటి ముందుకు వస్తే వెనక్కు మళ్లుతుంది. ఈ సంగతి తెలిసిన ఇద్దరు మనుషులు చాలు. మందకు అలవాటైన ఒక మేక గానీ పెంపుడు పొట్టేలు గానీ ముందు నడిస్తే మిగిలినవి దాని వెంటే వస్తాయి. తరిమితే మాత్రం ఏదో ఒకటి విడిపోతుంది, ఒంటరైన గొర్రె తడకను గుద్దుకోవడానికైనా వెనుకాడదు. కుక్కను ఆ పూటకు కట్టేయడమే మేలని నా అభిప్రాయం. మన కుక్కలకు కాపలా తెలుసు గానీ మందను మలపడం నేర్పినవారు లేరు. అన్నిటికంటే సులువైన పద్ధతి, ముందు రోజు సాయంత్రం మేత నుంచి తిరిగి వచ్చిన మందను బయటకు వదలకుండా ఉంచి, ఉదయం తడకలతో ఒక మూలకు ఇరుకు చేసి అమ్మవలసిన వాటిని వేరు చేయడం.

అపోహ: వెనక కాలు పట్టి ఈడ్చడమే సరైన పట్టు.

వాస్తవం: కీలు బెణుకుతుంది. దక్కనీ గొర్రెను ఉన్ని పట్టి లాగితే చర్మం కింద రక్తం గడ్డకట్టి మాంసం పాడవుతుంది. ఒక చేయి దవడ కింద, మరొకటి తుంటి దగ్గర ఉంచి నడిపించాలి.

అపోహ: ముందు రాత్రి గింజలు దండిగా పెడితే తూకం పెరుగుతుంది.

వాస్తవం: అలవాటు లేని గింజలు ఒక్కసారిగా తింటే కడుపులో ఆమ్లం పెరిగి జీవి కుంగిపోతుంది, ఉన్నట్టుండి ప్రాణం తీసే చిటుక రోగానికీ దారి తీయవచ్చు. పైగా అనుభవమున్న బేరగాడు పొట్టను చూడడు, నడుము ఎముకలపై కండను వేళ్లతో నొక్కి చూస్తాడు.

అపోహ: బండిలో కాళ్లు కట్టి పడేస్తే ప్రమాదం ఉండదు.

వాస్తవం: గొర్రెల ప్రయాణం ఆరు గంటలు దాటితే వర్తించే 1978 నాటి జంతు రవాణా నియమాలు కాళ్లు కట్టడాన్ని నిషేధించాయి. నేలపై కనీసం 5 సెంటీమీటర్ల మందాన గడ్డి పరవాలని, పొట్టేళ్లను ఆడవాటితో కలిపి ఒకే అరలో ఎక్కించరాదని, పశువైద్యుని ధ్రువపత్రం ఉండాలని కూడా అవే చెబుతున్నాయి.

అపోహ: అమ్ముడుపోని గొర్రె ఇంటికి వస్తే నేరుగా మందలో కలపవచ్చు.

వాస్తవం: సంతలో పది ఊళ్ల జీవాలు కలుస్తాయి కనుక పీపీఆర్ (పారుడు రోగం), బొబ్బ రోగం (మశూచి) వంటి అంటువ్యాధులు సోకే వీలుంది, సంతకు ముందు రోజు వేయించిన టీకా అప్పటికి పనిచేయదు. తిరిగి వచ్చిన వాటిని రెండు మూడు వారాలు విడిగా కట్టి, మేత, నీళ్లు మందకు పెట్టిన తరువాతే వాటికి పెట్టాలి. ముందు వాటిని తాకి అవే చేతులతో, అవే చెప్పులతో మందలోకి వెళితే విడిగా కట్టినా ఫలితం ఉండదు.