పిడుదుల బస్టాపులో గిన్నీ కోళ్లు

అనంతపురం నుంచి వచ్చి, బెంగళూరు అంచున యలహంక దాటాక కొంచెం నేల కొనుక్కున్న పాఠకుడొకాయన అడిగారు. ఆయనకు రెండు ఆవులు, ఒక కుక్క, కొన్ని తేనెపెట్టెలు ఉన్నాయి. "పిడుదులకు మందు కొడితే తేనెటీగలు చస్తాయంటున్నారు. గిన్నీ కోళ్లు పిడుదుల్ని ఏరుకు తింటాయట కదా, మరి అవి తేనెటీగల్ని వదులుతాయాండీ?"

మందు సంగతి నిజమే. పశువుల కొట్టాల్లో కొట్టే సైపర్‌మెత్రిన్ తేనెటీగలకు విషం. అమిట్రాజ్ అనే ఇంకో పిడుదుల మందు కథ వేరు. అది పిడుదు నాడుల్లో ఆక్టోపమీన్ అనే రసాయన సంకేతాన్ని అందుకునే గ్రాహకం మీద పనిచేస్తుంది. తేనెటీగలో ఆ గ్రాహకం నిర్మాణం కాస్త తేడా. అందుకే తేనెపెట్టెల్లో తేనెటీగల్ని పట్టి పీడించే వరోవా నల్లిని చంపడానికీ దాన్నే వాడతారు.

ఇక కోడి. దానికంటే ముందు పిడుదు బతుకు చెప్పాలి, నాకు అసలు ఇష్టమైన భాగం అదే. పిడుదు ఎగరలేదు, గెంతలేదు. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో బస్సు కోసం చెయ్యి చాచిన మనిషిలా గడ్డిపోచ కొసన నిలబడుతుంది, వెనక కాళ్లతో పోచను పట్టుకుని, ముందు కాళ్లు గాల్లోకి చాచి. ఆ ముందు కాళ్ల చివర్లో హాలర్ అవయవం అనే చిన్న గుంట ఉంటుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, వాసన, అన్నీ దాంతోనే పసిగడుతుంది. అంటే బస్సు నంబరు కాళ్లతో చదువుతుందన్నమాట! ఒంట్లో నీరు ఆరిపోతే కిందికి దిగి, నేల దగ్గరి తేమ పీల్చుకుని మళ్లీ ఎక్కుతుంది. వారాలూ నెలలూ ఇదే పని.

ఎన్ని బస్సులు, అంటే ఎన్ని జంతువులు, మారాలన్నది పిడుదు జాతిని బట్టి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపోతుంటే బయటపడిన జబ్బును మోసే హీమాఫిసాలిస్ పిడుదుకి మూడు బస్సులు: లార్వాగా ఒకటి, నింఫ్‌గా (లార్వాకీ పెద్ద పిడుదుకీ మధ్య దశ) ఒకటి, పెద్దయ్యాక ఒకటి. ఆవు పిడుదు అలా కాదు. లార్వాగా ఎక్కిందంటే దాదాపు మూడు వారాలు అదే ఆవు మీద ప్రయాణం. రక్తం తాగి ఉబ్బిన ఆడది కిందికి దిగి, వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. కుక్క పిడుదుకైతే స్టాపు ఇంట్లోనే: గోడ పగుళ్లు, కుక్క పడుకునే మూల.

(బడిలో దీన్ని కీటకాల్లో కలిపేస్తుంటారు. ఎనిమిది కాళ్లు, సాలీడుకి చుట్టం. తీరా పిల్లలు లార్వాని పట్టుకొస్తే దానికి ఆరే కాళ్లు! ఆ తిరకాసు దాచకుండా చెప్పే మాస్టారే మాస్టారు.)

గిన్నీ కోడి కంటితో చూసి ముక్కుతో పొడిచే పక్షి. స్టాపులో నిలబడ్డదాన్నీ, బస్సు దిగినదాన్నీ కనిపిస్తే తినేస్తుంది. ఉబ్బిన ఆడ పిడుదు ఒక్కటి దొరికినా వేల లార్వాలు పుట్టకుండా పోయినట్టే. 1992లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో ఈ కోళ్లు తిరిగిన పచ్చికల్లో పెద్ద పిడుదులు తగ్గాయని తేల్చారు. తర్వాతి పరిశీలనల్లో నింఫ్‌లు మాత్రం తగ్గలేదు. నింఫ్ అంటే ఇంచుమించు మిల్లీమీటరు, పైగా ఎండుటాకుల్లో దాక్కుంటుంది. మనిషికి జబ్బు అంటించేది ఎక్కువగా అదే. ఇంకో చిక్కు, నేల మీద తిరిగే పక్షుల మీదికీ పిల్ల పిడుదులు ఎక్కుతాయి. అంటే కోడి కూడా ఒక బస్సే.

గిన్నీ కోళ్లుంటే పాములు రావన్న నమ్మకం ఉంది. పాము కనబడితే గోల చేస్తాయి, అంతవరకు నిజం. ఆ గోల పక్కింటివాళ్లనీ లేపుతుంది.

తేనెటీగలకు పెద్ద భయం లేదు. కోడి వెతికేది నేల మీద. అక్కడ దానికి దొరికేవి రాలిపోయిన తేనెటీగలు, పనిటీగలు బయటికి గెంటేసిన పోతుటీగలు. పెట్టెను రెండు మూడడుగుల స్టాండు మీద పెట్టి, దాని కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు ఉంచండి. కోళ్లు పెట్టె ఎక్కి కూర్చోకుండా మాత్రం చూసుకోవాలి. మన దేశీ తేనెటీగ, ఏపిస్ సెరానా, చిరాకు పడితే గూడు ఖాళీ చేసి వెళ్లిపోయే రకం.

కాబట్టి ఆవుల మేత గడ్డిలో కోళ్లను తిరగనివ్వండి. కుక్క సంగతి వాటికి వదలొద్దు. దానికి పశువైద్యుడు చెప్పిన మందు వేసి, గోడ పగుళ్లు పూడ్పించండి.