శక్తి పట్టీలు తాకే చోటు: ఒక పాత లెక్క, ఆలస్యంగా దొరికిన స్ఫటికాలు

స్ఫటికంలో ఎలక్ట్రాన్లకు వీలైన శక్తుల శ్రేణులే శక్తి పట్టీలు. ఎలక్ట్రాన్లతో నిండిన శక్తి పట్టీ, ఖాళీ పట్టీ కొన్ని బిందువుల దగ్గరో గీతల వెంబడో మాత్రమే తాకే స్ఫటికాలను, ఆ తాకిడి చిన్న మార్పులకు చెదరనిదైతే, టోపోలాజికల్ సెమీమెటళ్లు అంటారు. పేరు కొత్తదే గాని దాని వెనుక ప్రశ్న క్వాంటమ్ సిద్ధాంతపు తొలినాళ్లది.

రెండు శక్తి స్థాయిలు ఎప్పుడు సమానమవుతాయని 1929లో శాస్త్రవేత్తలు జాన్ వాన్ న్యూమన్, యూజీన్ విగ్నర్ అడిగారు. ఆ రెండింటినీ రెండు వరుసల మాత్రికగా రాస్తే, కర్ణంలోని పదాల తేడా సున్నా కావాలి. కర్ణానికి బయటున్న సంకీర్ణ సంఖ్యలో వాస్తవ భాగం, కల్పిత భాగం కూడా సున్నా కావాలి. షరతులు మూడు. త్రిమితీయ స్ఫటికంలో ఎలక్ట్రాన్ ద్రవ్యవేగానికి ఉన్న అంశాలూ మూడే కనుక, ఏ సౌష్ఠవం సాయమూ లేకుండానే పట్టీలు తాకగలవు, పదార్థాన్ని కొద్దిగా మార్చినా ఆ బిందువు పక్కకు జరుగుతుందే తప్ప మాయం కాదు. 1937లో కాన్యర్స్ హెరింగ్ ఈ ఆలోచనను స్ఫటికాలకు వర్తింపజేశారు. ద్రవ్యరాశి లేని కణాలకు హెర్మన్ వైల్ 1929లోనే రాసిన సమీకరణం ఈ బిందువుల చుట్టూ ఎలక్ట్రాన్ల నడకకు సరిపోతుంది. వాటికి వైల్ బిందువులని ఆయన పేరు అలా వచ్చింది.

మరి అవి దొరకడానికి ఎనభై ఏళ్లకు పైగా ఎందుకు పట్టింది? ఒక కారణం సౌష్ఠవంలోనే ఉందని నా అభిప్రాయం. విలోమ సౌష్ఠవం (ప్రతి బిందువునూ ఒక కేంద్రం గుండా ఎదుటి వైపుకు మార్చినా స్ఫటికం అలాగే ఉండడం), కాలవిపర్యయ సౌష్ఠవం (కాలాన్ని వెనక్కి తిప్పినా మార్పు లేకపోవడం) రెండూ ఉన్న స్ఫటికంలో ప్రతి పట్టీ స్పిన్ (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే భ్రమణం లాంటి గుణం) వల్ల జంటగా ఉంటుంది. అప్పుడు తాకవలసినవి నాలుగు స్థాయిలు, షరతులు అయిదు, మామూలుగా అక్కడ పట్టీల మధ్య అంతరం తెరుచుకుంటుంది. దాన్ని తెరుచుకోనివ్వని మరో సౌష్ఠవం ఉండాలి, లేదా ఆ రెండింటిలో ఒకటి లోపించాలి. మొదటి దారికి ఉదాహరణ సోడియం బిస్మథైడ్: దాని భ్రమణాక్షం మీద రెండు పట్టీలు భ్రమణానికి వేర్వేరుగా స్పందిస్తాయి కాబట్టి కలగలిసిపోలేవు. అక్కడి డిరాక్ బిందువులు, అంటే ఇలా జంట పట్టీలు తాకే చోట్లు, 2014లో ప్రయోగాల్లో కనిపించాయి.

రెండో దారిలో టాంటలం ఆర్సెనైడ్‌కు విలోమ కేంద్రం లేదు. అందులో 24 వైల్ బిందువులు ఉన్నట్టు 2015లో ప్రిన్స్‌టన్, బీజింగ్ బృందాలు, కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి వెలువరించి వాటి శక్తినీ దిశనూ కొలిచి, వేర్వేరుగా చూపించాయి. విరుద్ధ చిరాలిటీ (కుడి, ఎడమ చేతివాటం లాంటి గుణం) గల బిందువులను ఉపరితలం మీద కలిపే ఫెర్మి చాపాలు, అంటే మూసుకోని వక్రరేఖలు, 2011లో పైరోక్లోర్ ఇరిడేట్లనే ఇరిడియం సమ్మేళనాల గురించి వేసిన అంచనాలోనే ఉన్నాయి.

2016లో పరిశోధకులు 230 అంతరాళ సమూహాలనూ, అంటే స్ఫటికాలకు వీలైన సౌష్ఠవాల రకాలన్నిటినీ, జల్లెడ పట్టి మూడు, ఆరు, ఎనిమిది పట్టీలు ఒకేచోట కలిసే అవకాశాలను గుర్తించారు. అద్దపు సౌష్ఠవం గాని విలోమ కేంద్రం గాని లేని కోబాల్ట్ సిలిసైడ్‌లో అలాంటి కలయికలను సౌష్ఠవం బ్రిల్లవాన్ మండలపు (స్ఫటికంలో ఎలక్ట్రాన్ ద్రవ్యవేగాలన్నీ ఇమిడే పరిధి) కేంద్రానికీ మూలకూ కట్టిపడేస్తుంది. 2019లో కొలిచిన దాని ఫెర్మి చాపాలు అందువల్లనే ఉపరితల మండలంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగాయి.