రైఫిల్ తూటాల రీలోడింగ్: పౌడర్ ఎంపికలో అపోహలు - వాస్తవాలు

బుల్లెట్ ఎంపిక తప్పితే గురి తప్పుతుంది. పౌడర్ ఎంపిక తప్పితే రైఫిలే పగలొచ్చు, ఆ రైఫిల్ వెనకే మీ కళ్లూ చేతులూ ఉంటాయి. చట్టం అనుమతించే చోట, లైసెన్సుతో వేట తూటాలు సొంతంగా నింపుకునేవాళ్ల కోసం రాసినది ఇది. ఛార్జ్ బరువులు, అంటే ఒక్కో తూటాలో పోయాల్సిన పౌడర్ బరువులు, ఇక్కడ ఇవ్వడం లేదు. వాటిని పౌడర్ తయారీదారో బుల్లెట్ తయారీదారో ప్రచురించిన తాజా లోడ్ డేటాలోంచే తీసుకోవాలి.

అపోహ: బర్న్ రేట్ చార్టులో (పౌడర్లను మండే వేగం ప్రకారం పేర్చిన పట్టికలో) పక్కపక్కన ఉన్న పౌడర్లు ఒకదానికొకటి బదులుగా పనికొస్తాయి.

వాస్తవం: పనికిరావు. చార్టు చెప్పేది వరుస మాత్రమే. ఇరవయ్యో పౌడర్‌కీ ఇరవై ఒకటోదానికీ తేడా వెంట్రుకవాసి కావొచ్చు, దాని తర్వాతిది చాలా దూరంలో ఉండొచ్చు. ఆ దూరాన్ని చార్టు చూపించదు. పైగా మండే వేగం స్థిరంగా ఉండేది కాదు. ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే చోట) ఒత్తిడి పెరిగేకొద్దీ పౌడర్ ఇంకా వేగంగా మండుతుంది. కేస్ (తూటా గుల్ల) మారినా, బుల్లెట్ బరువు మారినా చార్టులోని వరుసే తారుమారు కావొచ్చు.

మరి చార్టు ఎందుకంటే, ఏ గుంపులో వెతకాలో తెలుసుకోవడానికి. దానికి రెండు విషయాలు చూడాలి. మొదటిది, బోర్ (గొట్టం లోపలి రంధ్రం) వ్యాసంతో పోలిస్తే కేస్‌లో ఎంత చోటుంది. సన్నటి గొట్టం వెనక పెద్ద కేస్ ఉంటే నెమ్మదిగా మండే పౌడర్ కావాలి. రెండోది బుల్లెట్ బరువు. బరువైన బుల్లెట్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి వాయువు విస్తరించడానికి చోటు ఆలస్యంగా దొరుకుతుంది, దానికీ నెమ్మదైన పౌడరే నప్పుతుంది. అందుకే .308 విన్‌చెస్టర్‌లో 150-168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) బుల్లెట్లకు వార్గెట్, ఐఎంఆర్ 4064 వంటి మధ్యస్థ వేగంతో మండే పౌడర్లు బాగా కుదురుతాయి. .30-06లో 180 గ్రెయిన్లకు, 6.5 క్రీడ్‌మోర్‌లో 140 గ్రెయిన్లకు హెచ్4350 (హెచ్ అంటే హాడ్జ్‌డన్ కంపెనీ) తరగతి, 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నం లాంటి పెద్ద కేసుల్లో బరువైన బుల్లెట్లకు హెచ్1000 తరగతి సరిపోతాయి.

ఇలా రెండు మూడు పౌడర్లను గుర్తించాక, డేటా ప్రకారం కేస్‌ను దాదాపు నింపేదాన్ని ఎంచుకోమని మా సలహా. కేస్ నిండుగా ఉంటే ప్రైమర్ (కేస్ అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న టోపీ) మంట ప్రతిసారీ ఒకేలా అంటుకుంటుంది, తూటా తూటాకీ వేగం పెద్దగా మారదు. పొరపాటున రెండుసార్లు పోసినా పౌడర్ పొంగి బయటకొచ్చి తప్పు కంటికి కనిపిస్తుంది.

అపోహ: నంబరు ఒకటే అయితే పౌడర్ ఒకటే.

వాస్తవం: ఇది చాలా ప్రమాదకరమైన అపోహ. 4350 అనే నంబరుతో ఐఎంఆర్, హాడ్జ్‌డన్, ఆక్యురేట్ అనే మూడు బ్రాండ్లూ పౌడర్లు అమ్ముతాయి. ఆ మూడూ వేరు, మూడింటికీ డేటా వేరు. ఐఎంఆర్ 4831 అయితే హెచ్4831 కంటే వేగంగా మండుతుంది. హెచ్4831 గరిష్ఠ ఛార్జ్‌ను ఐఎంఆర్ డబ్బాలోంచి పోస్తే ఒత్తిడి హద్దు దాటుతుంది. డబ్బా మీద పేరు, అక్షరాలు, అంకెలు అన్నీ డేటా పేజీతో సరిపోలాలి. బల్ల మీద ఒక సమయంలో ఒక్క డబ్బానే ఉంచండి. పని కాగానే మెజర్ (పౌడర్ కొలిచి పోసే పరికరం) తొట్టిలో మిగిలినదాన్ని అదే డబ్బాలోకి తిరిగి పోసేయండి. తొట్టిలో ఉన్నది ఏ పౌడరో కచ్చితంగా తెలియకపోతే అది ఇక ఏ తూటాలోకీ వెళ్లకూడదు.

అపోహ: డేటా కంటే తక్కువ పోస్తే ఎప్పుడూ సురక్షితమే.

వాస్తవం: కాదు. పెద్ద కేస్‌లో నెమ్మదైన పౌడర్‌ను బాగా తగ్గించి పోస్తే అది అడుగున పరుచుకుని, పైన ఖాళీ మిగులుతుంది. ప్రైమర్ మంట ఆ ఖాళీలోంచి సాగిపోతుంది, పౌడర్ సరిగా అంటుకోక బుల్లెట్ గొట్టం మొదట్లోనే ఆగిపోవచ్చు. ఆ తర్వాత మిగతా పౌడర్ ఒక్కసారిగా అంటుకుంటే ఒత్తిడి విపరీతంగా ఎగబాకుతుంది. ఇలా రైఫిళ్లు పగిలిన ఉదంతాలున్నాయి. డేటాలో ప్రారంభ ఛార్జ్ ఇచ్చి ఉంటే దానికంటే కిందికి దిగొద్దు. గరిష్ఠం మాత్రమే ఇస్తే అందులో 10 శాతం తగ్గించి మొదలుపెట్టి, .308 పరిమాణం కేసుల్లో 0.3 నుంచి 0.5 గ్రెయిన్ చొప్పున పెంచుతూ పోవాలి. మెత్తటి లోడ్ కావాలంటే దానికి తగిన పౌడర్ ఉంది: హెచ్4895 డేటా ఉన్న రైఫిల్ తూటాలకు, గరిష్ఠ ఛార్జ్‌ను దానిలో 60 శాతం మిగిలేంత వరకే తగ్గించవచ్చని హాడ్జ్‌డన్ స్వయంగా చెబుతోంది. ఈ వెసులుబాటును ఇంకో పౌడర్‌కు వర్తింపజేయకండి.

అపోహ: ప్రైమర్ చదును కాలేదంటే ఒత్తిడి సరిగానే ఉంది.

వాస్తవం: .30-30 గరిష్ఠ ఒత్తిడి 42,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .30-06ది 60,000, .270 విన్‌చెస్టర్‌ది 65,000. .30-30లో ప్రైమర్ చదునయ్యేసరికి ఆ తూటా హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) బిగుసుకోవడం, కేస్ అడుగున మెరిసే ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ను బయటికి నెట్టే భాగం) గుర్తు పడటం వెంటనే ఆపమని చెప్పే సంకేతాలే. కానీ అవి కనిపించకపోవడం భద్రతకు హామీ కాదు. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) వాడండి. డేటాలో చెప్పినంత గొట్టం పొడవుకు, చెప్పినదానికంటే వేగం ఎక్కువగా వస్తోందంటే ఒత్తిడి కూడా పెరిగే ఉంటుంది. ప్రైమర్, కేస్ బ్రాండ్, బుల్లెట్ వీటిలో ఏది మార్చినా మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాల్సిందే. మందమైన మిలిటరీ కేసుల్లో లోపలి చోటు తక్కువ, అదే ఛార్జ్‌కు వాటిలో ఒత్తిడి ఎక్కువ.

అపోహ: అత్యధిక వేగమిచ్చే పౌడరే వేటకు మేలు.

వాస్తవం: .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు 2,700 అడుగుల బదులు 2,650 అడుగులతో పంపితే, 200 గజాలకు జీరో చేసిన (ఆ దూరంలో సరిగ్గా గురి తగిలేలా సరిచేసిన) రైఫిల్‌లో 300 గజాల దగ్గర బుల్లెట్ కిందికి దిగడంలో తేడా అర అంగుళం కూడా ఉండదు. జంతువును బాధ లేకుండా పడగొట్టేది సరైన చోట తగిలిన బుల్లెట్, ఆ కొసరు వేగం కాదు. అంతకంటే ముఖ్యం ఉష్ణోగ్రత. చలిలో సరిగ్గా ఉన్న గరిష్ఠ లోడ్ మండుటెండలో హద్దు దాటొచ్చు. హాడ్జ్‌డన్ ఎక్స్‌ట్రీమ్ వరుసలోని వార్గెట్, హెచ్4350 ఉష్ణోగ్రత మార్పులకు తక్కువగా స్పందిస్తాయి.

అపోహ: పొట్టి గొట్టానికి వేగంగా మండే పౌడర్ కావాలి.

వాస్తవం: పొడవు గొట్టంలో ఎక్కువ వేగమిచ్చే పౌడరే సాధారణంగా పొట్టి గొట్టంలోనూ ఎక్కువ వేగమిస్తుంది. మూతి దగ్గర మెరుపు, శబ్దం మాత్రం పెరుగుతాయి.

అపోహ: గింజ ఆకారం ఏదైనా ఒకటే.

వాస్తవం: కొలిచేటప్పుడు తేడా తెలుస్తుంది. బాల్ పౌడర్ మెజర్‌లోంచి నీళ్లలా జారుతుంది. పొడవు పుల్లల పౌడర్ గరాటు మెడలో అడ్డంగా ఇరుక్కుంటుంది. అప్పుడు ఒక కేస్‌లో సగమే పడి, మిగతా సగం తర్వాతి కేస్‌లోకి దిగుతుంది. అందుకే బుల్లెట్ కూర్చేముందు కేసులన్నిటినీ బ్లాకులో నిలబెట్టి, దీపం కింద ఒక్కొక్కదాని లోపలికి చూడాలి. ఏ ఒక్కదానిలో మట్టం తేడాగా ఉన్నా ఖాళీ చేసి మళ్లీ తూచాలి. స్కేల్ గ్రెయిన్లలో ఉందా గ్రాముల్లో ఉందా అన్నది ప్రతిసారీ చూసుకోండి. ఒక గ్రాము 15.43 గ్రెయిన్లు.

అపోహ: పౌడర్ ఎన్నేళ్లయినా చెడదు.

వాస్తవం: సీల్ చేసిన అసలు డబ్బాలో, చల్లటి పొడి చోట ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎండలోనో వేడి గదిలోనో ఉంటే నైట్రోసెల్యులోజ్ (పౌడర్‌లోని ముఖ్య పదార్థం) విడిపోవడం మొదలవుతుంది. మూత తీయగానే ఘాటైన ఆమ్లం వాసన వచ్చినా, ఎర్రటి ధూళి లేదా పొగ కనిపించినా దాన్ని వాడకూడదు, ఇంట్లో ఉంచకూడదు. పాడైన పౌడర్ తనంతట తానే అంటుకోగలదు. డబ్బా మీద తయారీదారు చెప్పిన పద్ధతిలో వదిలించుకోండి.