ఒక్క అణువే అయస్కాంతమైతే: ఈ వేట ఎక్కడ మొదలైంది?

డిస్ప్రోసియం అనే లోహం ఉన్న ఓ అణువు 100 కెల్విన్ దగ్గర కూడా తన అయస్కాంత దిశను గుర్తుపెట్టుకుంటోందని 2025లో మాంచెస్టర్ యూనివర్సిటీ, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ కెమిస్టులు ప్రకటించారు. 100 కెల్విన్ అంటే మైనస్ 173 డిగ్రీల సెల్సియస్. అంత చలిలో పనిచేసేదాని గురించి ఇంత హడావుడి ఎందుకని చాలామందికి అనిపించి ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట ఈ పని ఎక్కడ మొదలైందో తెలిస్తే గానీ ఆ అంకె విలువ తెలియదు.

ముందు అసలు అవసరం ఏమిటో చెప్పుకోవాలి. హార్డ్ డిస్క్‌లో ఒక్కో బిట్టు కొన్ని సన్నటి లోహపు గింజల మీద రాసి ఉంటుంది. ఎక్కువ సమాచారం పట్టాలంటే గింజలు చిన్నవి కావాలి, కానీ ఒక హద్దు దాటి చిన్నవైతే మామూలు గది వేడి చాలు వాటి అయస్కాంత దిశను తిప్పేయడానికి, రాసిందంతా దానంతటదే చెరిగిపోతుంది. పైగా ఏ రెండు గింజలూ సరిగ్గా ఒక్కలా ఉండవు. ఇక్కడే కెమిస్టుకు ఆశ పుట్టింది. ఒక సీసాలో తయారైన కోట్లానుకోట్ల అణువులు అచ్చంగా ఒకే కొలత, ఒకే ఆకారం, అందులో ఒక్కో అణువూ ఒక్కో బిట్టయితే? 1959లో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఓ పేరుమోసిన ప్రసంగంలో పెద్దవాటిని చిన్నగా చేసుకుంటూ పోవడం గురించి మాట్లాడాడు, కెమిస్టులది ఎదురు దారి, వాళ్లు కింది నుంచి కట్టుకొస్తారు.

జ్ఞాపకం ఉన్న అణువులంటే ఎలా ఉంటాయో కంటితో చూడాలంటే ఇనుము, ట్రయజోల్ (నైట్రోజన్ ఉన్న ఓ సేంద్రియ పదార్థం) కలిసిన పొడి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఊదా రంగు. వేడి చేస్తే ఒక దశలో తెల్లబడిపోతుంది, ఎందుకంటే ఇనుములోని ఎలక్ట్రాన్లు సర్దుకునే తీరు మారుతుంది. అసలు విశేషం తర్వాత ఉంది. మళ్లీ చల్లారుస్తుంటే, ఏ వేడి దగ్గర తెల్లబడిందో అక్కడికి వచ్చినా ఊదా రంగు తిరిగి రాదు, ఇంకా చాలా కిందికి దిగితే గానీ రాదు. ఆ మధ్య ఉష్ణోగ్రతలో పొడి ఏ రంగులో ఉందన్నదాన్ని బట్టి అది వేడెక్కి వచ్చిందో చల్లబడి వచ్చిందో చెప్పేయొచ్చు. జ్ఞాపకం అంటే ఇదే. ఇలా ఇనుములో ఎలక్ట్రాన్ల అమరిక మారడాన్ని 1931లోనే ఇటలీలో కాంబీ అనే కెమిస్టు గమనించాడు. దీన్ని మెమరీ పరికరాల దాకా తీసుకెళ్లొచ్చని ఒలివియే కాన్ అనే ఫ్రెంచ్ కెమిస్టు 1998లో గట్టిగా వాదించాడు. కానీ ఇందులో జ్ఞాపకం ఒంటరి అణువుది కాదు, పక్కపక్కన ఉన్న అణువులన్నీ కలిసి నిలబెట్టేది.

ఒంటరి అణువు సంగతి వేరేచోట తేలింది. 1980లో పోలండ్‌లో లిస్ అనే శాస్త్రవేత్త పన్నెండు మాంగనీసు అయాన్లున్న ఒక అణువును తయారుచేశాడు. దీనికి కావలసిన సరుకులు చూస్తే ఆశ్చర్యమేస్తుంది: మాంగనీసు అసిటేట్, పొటాషియం పర్మాంగనేట్, అసిటిక్ ఆమ్లం, నీళ్లు. కలిపి కదపకుండా కొన్నాళ్లు వదిలేస్తే నల్లటి స్ఫటికాలు దిగుతాయి. లోపల నాలుగు మాంగనీసులు, చుట్టూ ఎనిమిది, బయటివాటి అయస్కాంత దిశ ఒక వైపు, లోపలివాటిది దానికి ఎదురు వైపు. లెక్క కడితే మొత్తం స్పిన్, అంటే అణువు అయస్కాంత బలాన్ని చెప్పే క్వాంటమ్ అంకె, పది. 1993లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు చెందిన గాటెస్కి, సెస్సోలి బృందం చూపించింది ఏమిటంటే, దీన్ని 2 కెల్విన్ దాకా చల్లార్చి అయస్కాంత క్షేత్రంలో పెట్టి తీసేస్తే, అందులోని అణువులు ఆ దిశను నెలల తరబడి మరచిపోవు. పక్క అణువుల సాయం అక్కర్లేదు, ఏ అణువుకా అణువే. నా మటుకు నాకు ఈ మొత్తం కథలో ఇంతకంటే గొప్ప క్షణం లేదు. 1996లో ఇంకో వింత బయటపడింది. దిశ మారేటప్పుడు ఈ అణువులు రెండు దిశల మధ్య ఉన్న శక్తి అడ్డుగోడ ఎక్కి దిగడమే కాదు, క్వాంటమ్ టన్నెలింగ్‌తో గోడలోంచి దూరిపోతున్నాయి కూడా. ఫిజిక్స్ వాళ్లకు అది పండగ, మెమరీ కోరుకునేవాళ్లకు మాత్రం తలనొప్పి, ఎందుకంటే అలా దూరిపోయిన ప్రతిసారీ రాసిన బిట్టు చెరిగినట్టే.

అసలు చిక్కు అణువును తయారుచేయడంలో లేదు, దాన్ని సీసాలోంచి బయటికి తెచ్చాక గుణం పోకుండా కాపాడటంలో ఉంది. చాలా వార్తలు ఈ ముక్క వదిలేస్తాయి. స్ఫటికంలో బుద్ధిగా ఉన్న మాంగనీసు అణువును పరికరం కోసం బంగారు పలక మీద పరిస్తే దాని నిర్మాణమే చెదిరిపోయేది, జ్ఞాపకం పోయేది. ఏళ్ల తరబడి ఇదే గొడవ. చివరికి 2009లో నాలుగు ఇనుము అయాన్లున్న మరో అణువును, బంగారాన్ని పట్టుకునే సల్ఫర్ కొక్కేలు తగిలించి, పలక మీద ఒకే పొరగా పరిచినా జ్ఞాపకం నిలుస్తుందని చూపించారు. అయితే అది కూడా 1 కెల్విన్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో.

చలి సంగతి మరో దారిలో మారింది. లాంథనైడ్ లోహాల (టెర్బియం, డిస్ప్రోసియం లాంటి అరుదైన లోహాల కుటుంబం) వైపు దారి తెరిచింది 2003లో ఇషికావా బృందం, థాలోసయనిన్ అనే రెండు చదునైన సేంద్రియ అణువుల మధ్య టెర్బియంను ఇరికించి. డిస్ప్రోసియంతో అసలు గెంతు వచ్చింది. ఈ అయాన్ చుట్టూ ఎలక్ట్రాన్ మేఘం అప్పచ్చిలా చదునుగా ఉంటుంది, పైనుంచీ కిందినుంచీ ఋణావేశంతో నొక్కిపట్టుకుంటే అయస్కాంత దిశ ఆ నిలువు గీతకే కట్టుబడిపోతుంది, తిప్పాలంటే చాలా శక్తి కావాలి. 2017లో రెండు కార్బన్ వలయాల మధ్య దాన్ని పెట్టి 60 కెల్విన్ చేరారు. 2018లో కెమిస్టు రిచర్డ్ లేఫీల్డ్ బృందం 80కి తీసుకెళ్లింది. ద్రవ నైట్రోజన్ మరిగేది 77 దగ్గర, కాబట్టి చల్లార్చడానికి ఖరీదైన ద్రవ హీలియం లేకుండానే పని జరగడానికి అప్పుడు దారి పడింది. 2025 నాటి అణువులో రెండు నైట్రోజన్ల మధ్య డిస్ప్రోసియంను దాదాపు సరళరేఖలో నిలబెట్టారు. ఆ గీత వంగిపోకుండా ఆల్కీన్ గుంపు (కార్బన్ల మధ్య జంట బంధమున్న భాగం) పట్టుకుని ఉంటుంది.

ఈ అంకెలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. క్షేత్రాన్ని ఎంత వేగంగా మారుస్తూ కొలిచారన్నదాన్ని బట్టి అంకె కొంత అటూ ఇటూ అవుతుంది, 100 దగ్గర ఆ జ్ఞాపకం నిలిచేది కూడా కాసేపే. మాంగనీసు అణువులా నెలలు కాదు. పైగా డిస్ప్రోసియం వలయాల అణువులు గాలి, తేమ తగిలితే పాడైపోతాయి, అందుకే జడ వాయువు నింపిన గ్లవ్ బాక్స్‌లో చేతులు పెట్టి పనిచేయాల్సి వస్తుంది. వీటిని పలక మీద పరచడం, ఒక్కోదాన్ని విడిగా చదవడం, రాయడం అనే పని ఇంకా మిగిలే ఉంది, అదీ మాంగనీసు కాలంలో మొదటిసారి కాలు తడబడిన చోటే.